భుజం కీలు మార్చేముందు.. ఆ కోణం కొలిచారా?

మోకీలు మార్పిడి గురించి మన ఇళ్లలో మాట్లాడుకోనివాళ్లు లేరు. పెదనాన్నకో, పక్కింటి పిన్నిగారికో చేసే ఉంటారు. ఎన్ని రోజులకు నడిచారు, మెట్లు ఎక్కుతున్నారా, కింద కూర్చోగలుగుతున్నారా.. అన్నీ మనకు తెలుసు. భుజం సంగతి అలా కాదు. డాక్టర్ ‘భుజం కీలు మార్చాలి’ అనగానే ‘భుజాన్ని కూడా మారుస్తారా?’ అని ఆశ్చర్యపోయే కుటుంబాలే ఎక్కువ. ఆ ఆశ్చర్యం తీరాక అడిగే ప్రశ్నలు రెండే. ఎంతవుతుంది? రోబో ఉందా?

నేను ఆపరేషన్లు చేసేవాణ్ని కాదు. చీకటి గదిలో కూర్చుని స్కాన్లు చదివే రేడియాలజిస్టును. మీరు మూడో ప్రశ్న కూడా ఒకటి అడగాలన్నది నా కోరిక. ‘డాక్టర్ గారూ, గిన్నె ఎంత కోణంలో తిరిగి ఉందో స్కాన్ మీద కొలిచారా?’ అన్నదే ఆ ప్రశ్న. ఎందుకు అడగాలో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ, ఆమె కొడుకు మా సెంటర్‌కు వచ్చారు. ఆవిడకు డెబ్బై దాటాయి. అప్పటికి నాలుగేళ్ల ముందు కుడి భుజం కీలు మార్చారు. మొదటి రెండేళ్లు హాయిగా గడిచాయట. తల తనే దువ్వుకున్నారు. స్టవ్ మీది కుక్కర్ తనే దించుకున్నారు. తర్వాత మెల్లగా నొప్పి మొదలైంది. చెయ్యి కదిపితే లోపల టక్కుమంటోందన్నారు. కొత్తగా సీటీ తీస్తే విషయం తెలిసింది. లోపల అమర్చిన ప్లాస్టిక్ గిన్నె వదులై, వెనక్కి ఒరిగిపోయింది.

పాత కాగితాలు ఉన్నాయా అని అడిగితే ఆ అబ్బాయి సంచిలోంచి పెద్ద కవరు తీశాడు. అందులో ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ ఫిల్మ్, రిపోర్టు ఉన్నాయి. కీలు బాగా అరిగిందని, ఎముక ముళ్లు పెరిగాయని, బంతి కాస్త వెనక్కి జరిగిందని రిపోర్టులో ఉంది. గిన్నె ఎన్ని డిగ్రీలు వెనక్కి తిరిగి ఉందో మాత్రం లేదు. పోనీ ఫిల్మ్ మీద ఇప్పుడైనా కొలుద్దామని లైటు ముందు పెట్టి చూశాను. రెక్క ఎముక లోపలి అంచు ఫిల్మ్‌లో పడనే లేదు. గీత గీద్దామంటే దానికి రెండో చివర లేదు. రిపోర్టు కింద చూస్తే సంతకం నాదే.

‘ఏముంది బాబూ అందులో?’ అని అడిగారావిడ. ‘ఇందులో ఉండాల్సింది లేదమ్మా’ అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. కొడుక్కి అర్థమైంది. ఏమీ అనలేదు.

ఆ సంఖ్య రాసి ఉంటే గిన్నె వదులయ్యేది కాదని నేను అనడం లేదు. ఇన్‌ఫెక్షన్, బోలు ఎముక, అమరికలో తేడా, జారిపడటం.. కారణాలు చాలా ఉంటాయి. కానీ సర్జన్ చేతిలో ఉండాల్సిన ఒక సమాచారం ఆ రోజు లేదు. అందులో నా వాటా ఉంది.

ఇంతకీ ఏమిటా కోణం? భుజాన్ని బంతి-గిన్నె కీలు అంటారని మీరు వినే ఉంటారు. గిన్నె అన్న మాట కొంచెం మోసం చేస్తుంది. తుంటిలో ఉన్నది నిజంగా గిన్నే. బంతిని లోపలికంటా పట్టి ఉంచుతుంది. భుజంలో ఉన్నది సాసరు లాంటిది. లోతు తక్కువ. దాన్ని నిలువుగా నిలబెట్టి, దానికి ఒక బత్తాయిని ఆనించి ఉంచినట్టు ఊహించుకోండి. బత్తాయి జారిపోకుండా కాపాడేవి చుట్టూ ఉన్న కండరాలు, స్నాయువులే. చెయ్యి ఇన్ని వైపులకు తిరిగేది కూడా ఆ సాసరు అంత లోతు తక్కువగా ఉండబట్టే. దానికి మనం కట్టే మూల్యం ఏమిటంటే, సాసరు కాస్త పక్కకు తిరిగితే బత్తాయి ఆ వైపు జారుతుంది.

ఈ సాసరు వీపు మీద రెక్కలా ఉండే ఎముకకు బయటి చివరన ఉంటుంది. డాక్టర్లు స్కాపులా అంటారు. మనం రెక్క ఎముక అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న భుజంలో గిన్నె ముఖం ఈ ఎముక నడిగీతకు దాదాపు లంబంగా ఉంటుంది. కొందరికి రెండు మూడు డిగ్రీలు ముందుకు, మరికొందరికి కొన్ని డిగ్రీలు వెనక్కి. మనిషికీ మనిషికీ తేడా సహజం. కీలు అరుగుదల ముదిరినప్పుడు మాత్రం చాలామందిలో గిన్నె వెనక భాగం ఎక్కువగా అరుగుతుంది. చెప్పు మడమ ఒక పక్కే అరిగినట్టు. బంతి ఆ పల్లంలోకి జారుతుంది. జారి, అక్కడే ఇంకా అరగదీస్తుంది. అలా గిన్నె ముఖం వెనక్కి తిరిగిపోవడాన్నే రెట్రోవర్షన్ అంటారు.

సీటీ మీద దీన్ని కొలిచే తేలికైన పద్ధతిని 1992లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు ప్రచురించారు. గిన్నె మధ్య నుంచి రెక్క ఎముక లోపలి అంచు దాకా ఒక గీత. గిన్నె ముందు అంచును, వెనక అంచును కలుపుతూ ఇంకో గీత. రెండూ లంబంగా ఉంటే సున్నా. ఎంత తప్పితే అంత కోణం. వాళ్లు కొలిచినవాళ్లలో మామూలు భుజాల సగటు 2 డిగ్రీలు ముందుకు ఉంటే, ఆర్థ్రైటిస్ వచ్చిన భుజాల సగటు 11 డిగ్రీలు వెనక్కి ఉంది. పదో తరగతి పిల్లాడికి కోణమానిని ఇచ్చినా కొలవగలిగేంత సులువైన లెక్క. చిక్కంతా గీత సరైన చోట గీయడంలోనే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ కోణం తెలిస్తే సర్జన్ ఏం చేస్తారు? చాలా చేస్తారు. వెనక్కి వంపు 15 డిగ్రీల లోపు ఉంటే, ఎత్తుగా మిగిలిపోయిన ముందు భాగాన్ని కొద్దిగా చెక్కి సమం చేసి, దాని మీద కృత్రిమ గిన్నెను అమర్చే వీలుంటుంది. అంతకు మించితే చెక్కడం ప్రమాదం. అక్కడ ఉన్న ఎముకే తక్కువ. సమం చేయబోయి చెక్కుకుంటూ పోతే, గిన్నెను పట్టి ఉంచాల్సిన గట్టి ఎముక కాస్తా పోతుంది. లోపలికి దిగే మేకు ఎముకను చీల్చుకుని అవతలికి పొడుచుకు రావచ్చు. అప్పుడు అరిగిన వైపు ఎముక ముక్కతో పూడ్చాలి. లేదా ఒక పక్క మందంగా చేసిన ప్రత్యేక గిన్నె తెప్పించాలి. లేదా ఆపరేషన్ రకమే మార్చాలి. ఫ్రాన్స్‌కు చెందిన సర్జన్ వాల్ష్, ఆయన బృందం 1999లో అరుగుదలను ఏ, బీ, సీ రకాలుగా విడదీశారు. 25 డిగ్రీలు దాటి వెనక్కి తిరిగిన గిన్నెలను సీ రకం కింద పెట్టారు. ఇప్పటికీ సర్జన్లు మాట్లాడుకునేది ఆ భాషలోనే.

మరి వంపును పట్టించుకోకుండా అలాగే గిన్నె అమరిస్తే? బంతి ప్రతిసారీ ఒక అంచు మీదే బరువు వేస్తుంది. ఒక అంచు నొక్కుకుంటే రెండో అంచు లేస్తుంది. సర్జన్లు దీన్ని పిల్లలు ఎక్కి ఊగే చెక్కగుర్రంతో పోలుస్తారు. రోజుకు వందలసార్లు, ఏళ్ల తరబడి ఊగితే ఎంత గట్టి సిమెంటు అయినా వదులవుతుంది. వదులయ్యాక మళ్లీ చేసే ఆపరేషన్ మొదటిదానికంటే కష్టం. ఈసారి అమర్చడానికి ఎముక ఇంకా తక్కువ మిగులుతుంది.

కండరాలు చినిగిపోయినవాళ్లకు చేసే ‘రివర్స్’ మార్పిడికీ ఈ కొలత కావాలి. అందులో బంతి ఉండాల్సిన చోట గిన్నె, గిన్నె ఉండాల్సిన చోట బంతి పెడతారు. 1985లో ఫ్రాన్స్‌లోని దిజాన్ నగరంలో గ్రామాంట్ అనే సర్జన్ రూపుదిద్దిన ఆలోచన ఇది. ఇక్కడ ముందు వెనకల వంపుతోపాటు పైకీ కిందికీ ఉన్న వంపు కూడా చూడాలి. బంతిని మోసే పలక పైకి చూస్తూ కూర్చుంటే కీలు జారిపోయే ప్రమాదం, వదులయ్యే ప్రమాదం రెండూ పెరుగుతాయి.

‘అనుభవం ఉన్న సర్జన్‌కు ఇవన్నీ ఎందుకండీ, కళ్లతో చూస్తే తెలియదా?’ అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఆపరేషన్ టేబుల్ మీద ఏం కనిపిస్తుందో ఆలోచించండి. కుర్చీలో వాలినట్టు రోగిని కూర్చోబెడతారు. భుజం ముందు వైపు కోసి, కండరాల మధ్య నుంచి లోపలికి వెళతారు. అంత లోతులో సర్జన్‌కు కనిపించేది గిన్నె ముఖం ఒక్కటే. దాని వెనక ఉన్న రెక్క ఎముక అంతా కండరాల్లో కూరుకుపోయి ఉంటుంది. పైగా చేతిని లాగినప్పుడల్లా ఆ ఎముకా కదులుతుంది. గోడ కనిపించకుండా, దానికి బిగించిన కిటికీని మాత్రం చూసి గోడ ఎటు తిరిగి ఉందో చెప్పమంటే తాపీమేస్త్రి చెప్పగలడా? దారం కట్టనిదే, రసమట్టం పెట్టనిదే రాయి పేర్చని మేస్త్రిని మనం మెచ్చుకుంటాం. శరీరం విషయంలో మాత్రం ‘ఆయన చెయ్యి మంచిది’ అనుకుని ఊరుకుంటాం.

చరిత్రలో మొదటి భుజం మార్పిడి అలా చూపు మీదే ఆధారపడి జరిగింది. 1893లో పారిస్‌లో పియాన్ అనే సర్జన్, క్షయ సోకిన ఒక మనిషి భుజంలో ప్లాటినం గొట్టం, గట్టిపరిచిన రబ్బరు బంతితో చేసిన కీలు పెట్టారు. అప్పటికి ఎక్స్‌రే పుట్టనే లేదు. రాంట్‌జెన్ దాన్ని కనిపెట్టింది 1895 చివర్లో. ఇన్‌ఫెక్షన్ తగ్గక రెండేళ్లకు ఆ కీలు తీసేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ముందుగా కొలిచే దారి లేదు. మనకు ఉంది. ఉండీ వాడుకోకపోవడమే నా ఫిర్యాదు.

ఇక స్కాన్ దగ్గరికొద్దాం. మధ్యతరగతి కుటుంబాలు డబ్బు, సమయం పోగొట్టుకుంటున్నది ఇక్కడే.

ఎక్స్‌రే తప్పనిసరి. కానీ కోణం కొలవడానికి అది చాలదు. చంకలోంచి తీసే ఎక్స్‌రేలో రెక్క ఎముక కొద్దిగా ఒరిగినా వంపు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ‘ఎంఆర్‌ఐ తీయించాం కదా, మళ్లీ సీటీ ఎందుకు, ఇద్దరూ కుమ్మక్కయ్యారా?’ అన్న అనుమానం చాలామందికి వస్తుంది. (నా ముందే అన్నవాళ్లున్నారు.) కాదు. కండరాలు, స్నాయువులు చూడటానికి ఎంఆర్‌ఐ మేలు. ఎముక ఆకారం, కోణం చూడటానికి సీటీ మేలు. పైగా మామూలు భుజం ఎంఆర్‌ఐలో కీలు చుట్టుపక్కలే తీస్తారు. రెక్క ఎముక లోపలి అంచు అందులో సాధారణంగా పడదు.

సీటీలోనూ అదే పొరపాటు జరుగుతుంది. ‘సీటీ షోల్డర్’ అని చీటీ వస్తే, ఎముక విరిగిందేమో చూసినట్టు, భుజం మొన దగ్గర చిన్న చట్రం పెట్టి తీసేస్తారు. బొమ్మ స్పష్టంగానే వస్తుంది. కానీ రెక్క ఎముక సగంలో తెగిపోతుంది. ఫ్రీడ్‌మన్ గీతకు కావాల్సిన రెండో చివర బొమ్మ బయట ఉండిపోతుంది. కొలిచినా తప్పు కొలతే. ఆ పెద్దావిడ ఫిల్మ్‌లో జరిగింది ఇదే. కాబట్టి కీలుమార్పిడి కోసం సీటీ అని చీటీలో స్పష్టంగా రాయించుకోండి. రెక్క ఎముక మొత్తం, లోపలి అంచు నుంచి కింది మొన దాకా రావాలని టెక్నీషియన్‌తో చెప్పండి. చెబితే ఆయన చిన్నబుచ్చుకోడు. రెండోసారి పిలిపించి తీసే బాధ ఆయనకూ తప్పుతుంది. మీకు రెండోసారి రేడియేషన్ తప్పుతుంది. భుజం సీటీలో పడే రేడియేషన్ ఒక ఛాతీ ఎక్స్‌రేకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అవసరానికి ఒకసారి ఫర్వాలేదు, అజాగ్రత్తకు రెండోసారి అనవసరం.

అంతకంటే పెద్ద నష్టం ఫిల్మ్ దగ్గర జరుగుతోంది. ఇంటికి తెచ్చుకునే ఆ నల్ల షీటు మనకు ఆస్తి పత్రంలా కనిపిస్తుంది. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, అమెరికాలో ఉన్న డాక్టర్ బంధువుకు వాట్సాప్‌లో పంపుతాం. ఆయన పాపం మొహమాటానికి ‘చూశాను’ అంటాడు. ఆ ఫొటో మీద ఎవరూ ఏమీ కొలవలేరు. ఎందుకంటే సీటీ గదిలో మీరు వెల్లకిలా పడుకున్నప్పుడు మీ రెక్క ఎముక ఒకలా, నాకైతే ఇంకోలా ఒరిగి ఉంటుంది. యంత్రం ముక్కలు కోసేది శరీరాన్ని బట్టి, ఆ ఎముకను బట్టి కాదు. దోసకాయను నిలువుగా కోయాలనుకుని ఏటవాలుగా కోస్తే ముక్క ఆకారం మారిపోదూ? అలాగే కోణమూ మారిపోతుంది. దాన్ని సరిచేయాలంటే కంప్యూటర్‌లో ఆ ఎముక ఒరుగుదలకు తగ్గట్టు బొమ్మను తిప్పి, మళ్లీ ముక్కలు చేసుకోవాలి. దీనికి కొత్త రేడియేషన్ ఏమీ అక్కర్లేదు. అసలు డేటా ఉంటే చాలు. ఫిల్మ్ మీద ఆ పని కుదరదు.

కాబట్టి ఫిల్మ్ ఇచ్చినా ఇవ్వకపోయినా సీడీ గానీ పెన్ డ్రైవ్ గానీ ఆ రోజే అడిగి తీసుకోండి. అందులో డైకామ్ ఫైళ్లు ఉండాలి. మిల్లీమీటరు లేదా అంతకంటే పలచని ముక్కలు ఉండాలి. కొన్ని చోట్ల చోటు కలిసొస్తుందని మందపాటి ముక్కలే సీడీలో రాసిస్తారు. పలచనివి కొన్నాళ్లకు సిస్టమ్ నుంచి చెరిపేస్తారు. మూడు నెలల తర్వాత వెళ్లి అడిగితే ఉండకపోవచ్చు. ఇంటికెళ్లాక ఆ సీడీని పెళ్లి ఆల్బమ్ పక్కన భద్రంగా పెట్టండి. పదేళ్ల తర్వాత రెండో ఆపరేషన్ అవసరమైతే, మీ అసలు ఎముక ఎలా ఉండేదో చెప్పగలిగేది అదొక్కటే.

ఇప్పుడు మా వాళ్ల సంగతి. చాలా భుజం సీటీ రిపోర్టుల్లో ఈ కోణం ఉండదు. రాయడం రాక కాదు. ఎవరూ అడగరు కాబట్టి. సర్జన్ తనే కొలుచుకుంటారులే అని మేం అనుకుంటాం. రేడియాలజిస్టు చూసే ఉంటారులే అని సర్జన్ అనుకుంటారు. మధ్యలో మీరు రెండు చోట్లా బిల్లు కడతారు. ముందు వెనకల వంపు ఎన్ని డిగ్రీలు, పైకీ కిందికీ ఎంత, బంతి ఎటు జారింది, కండరాల్లో కొవ్వు ఎంత పేరుకుంది అన్న నాలుగు లైన్లు రిపోర్టులో ఉండటం రోగి హక్కని నా అభిప్రాయం. ఏ పద్ధతిలో కొలిచామో కూడా రాయాలి. ఒకే స్కాన్‌ను రెండు సాఫ్ట్‌వేర్లకు ఇస్తే కొన్ని డిగ్రీల తేడా రావడం మామూలే. పద్ధతి రాయకుండా సంఖ్య ఒక్కటే రాయడం, కొలత పేరు లేకుండా ‘పది’ అని బియ్యం రాసుకున్నట్టు ఉంటుంది. కేజీలా, బస్తాలా?

రోబోల సంగతి ఒక ముక్క. ఆపరేషన్‌ను ముందే కంప్యూటర్‌లో చేసి చూసుకునే 3డీ సాఫ్ట్‌వేర్లు, మీ ఎముక కొలతకే తయారుచేసిన గైడ్‌లు, రోబోలు వచ్చాయి. అనుకున్న కోణంలో గిన్నెను అమర్చడంలో ఈ ముందస్తు ప్లానింగ్, గైడ్‌లు సాయపడతాయని అధ్యయనాలు చూపించాయి. దానివల్ల చెయ్యి మరింత బాగా లేస్తుందా, కీలు మరిన్నేళ్లు నిలుస్తుందా అన్నది మాత్రం ఇంకా గట్టిగా తేలలేదు. కాబట్టి రోబో లేదని మంచి సర్జన్‌ను వదులుకోకండి. రోబో ఉందని కొలత అడగడం మానేయకండి. యంత్రం ఏదైనా మొదలుపెట్టేది ఆ సీటీ దగ్గరే. సీటీలో రెక్క ఎముక తెగిపోతే రోబోకూ గీత దొరకదు. ఆపరేషన్ ఖర్చు లక్షల్లో ఉండే చోట, సీటీ దగ్గర కొన్ని వేలు మిగిలాయని సంతోషించడం నాకు వింతగా ఉంటుంది.

ఇదంతా చదివి రేపు పొద్దున్నే స్కాన్ సెంటర్‌కు పరుగెత్తకండి. భుజం నొప్పి వచ్చినవాళ్లందరికీ ఈ కొలత అక్కర్లేదు. మన దగ్గర షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఫ్రోజెన్ షోల్డర్. దానికి వ్యాయామాలు, మందులు, అవసరమైతే ఒక ఇంజెక్షన్. మార్పిడి కాదు. జారిపడి భుజం ఎముక ముక్కలైన పెద్దవాళ్లకు చేసే మార్పిడిలోనూ గిన్నె సాధారణంగా బాగానే ఉంటుంది. ఇక ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది డిగ్రీలు చెప్పవు. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం ముద్ద నోటిదాకా వెళుతోందా, మందులతో రోజు గడుస్తోందా.. అవి చెబుతాయి. 18 డిగ్రీల వంపుతో హాయిగా పూలమొక్కలకు నీళ్లు పోసుకునేవాళ్లను చూశాను. ఆపరేషన్ ఖాయమైన తర్వాత ఎలా చేయాలన్నప్పుడే ఈ సంఖ్య మాట్లాడుతుంది.

పెద్దావిడకు తర్వాత వేరే ఊళ్లో రెండో ఆపరేషన్ చేశారు. అరిగిన చోట తుంటి ఎముక ముక్క పెట్టి, రివర్స్ కీలు వేశారు. దానికి ముందు తీసిన సీటీలో రెక్క ఎముక అంచు నుంచి అంచుకు ఉంది. ఆ రిపోర్టు నేనే రాశాను. ఆవిడ చెయ్యి ఇప్పుడు భుజం ఎత్తు దాకా లేస్తోంది, తల దువ్వడానికి మాత్రం కోడలు కావాలి.

అప్పటి నుంచి మా సెంటర్‌లో కీలుమార్పిడి సీటీ రిపోర్టు ఆ నాలుగు లైన్లు లేకుండా బయటికి వెళ్లడం లేదు. మొదట్లో సర్జన్లెవరూ దాని గురించి మాట్లాడలేదు. గత నెల ఒకాయన ఫోన్ చేశారు. ‘19 డిగ్రీలని రాశారు, నాకు 14 వస్తోంది, ఎలా కొలిచారు?’ అన్నారు. ఇద్దరం చెరో కంప్యూటర్ ముందు కూర్చుని, అదే స్కాన్ తెరిచి, పావుగంట కొట్లాడుకున్నాం. ఆయన మామూలు అడ్డు ముక్క మీద కొలిచారు. నేను బొమ్మను ఎముకకు తగ్గట్టు తిప్పి కొలిచాను. చివరికి ఆయన ఒక పక్క మందంగా ఉన్న గిన్నె కూడా తెప్పించి పెట్టుకుంటానన్నారు.